హనుమంతుడు లంకను ఎలా చూశాడు? మనం సిటీ లైట్లను ఎలా చూడాలి?



రాత్రిపూట దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద నిలబడితే మాదాపూర్ అంతా దీపావళిలా ఉంటుంది. "అబ్బ, ఎంత బాగుందో!" అనకుండా ఉండలేం. కానీ భక్తి మార్గంలో ఉన్న చాలామందికి వెంటనే ఒక సందేహం వస్తుంది. ఇదంతా మాయ కదా, దీన్ని చూసి మురిసిపోవడం తప్పా?

ఒక్కసారి సుందరకాండ గుర్తు తెచ్చుకోండి. హనుమంతుడు లంకలో అడుగుపెట్టింది రాత్రిపూటే. చంద్రుడు వెలుగుతున్నాడు. విశ్వకర్మ కట్టిన నగరం, ఏడేసి అంతస్తుల మేడలు, బంగారు తోరణాలు. స్వామి వాటిని చూసి ఆశ్చర్యపోయాడు. శత్రువు ఊరు కదా అని కళ్లు మూసుకోలేదు. అంటే అందాన్ని మెచ్చుకోవడం తప్పు కాదు. అయితే ఆ వైభవం మధ్యలో కూడా ఆయన కళ్లు వెతికింది సీతమ్మనే. అంత వెలుగులోనూ కనిపించని మనిషిని ఆయన మర్చిపోలేదు.

మరి మన సిటీ వెలుగులో కనిపించనివాళ్లు ఎవరు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వెళ్తే తెలుస్తుంది. 2016లో కొత్త జిల్లాలు అయ్యేదాకా ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే, మన పాలమూరు. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా పొలానికి నీళ్లు లేక, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలేసి డ్యాములకు, రోడ్లకు, బిల్డింగులకు వలస పోయినవాళ్లు ఎందరో. "పాలమూరు లేబర్" అనే పేరు అలా వచ్చిందే. లిఫ్టులతో నీళ్లు వచ్చాక వలస కొంత తగ్గింది. ఇప్పుడు సైట్లలో ఒడిశా, బీహార్ వాళ్లు కనిపిస్తున్నారు. మనుషులు మారారు, కష్టం మారలేదు.

కరెంటు సంగతి కూడా అంతే. నాగర్‌కర్నూల్ జిల్లా ఈగలపెంట దగ్గర, కొండ లోపల 900 మెగావాట్ల శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్ ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు చెలరేగి, డ్యూటీలో ఉన్న 9 మంది చనిపోయారు. మన కేబుల్ బ్రిడ్జి ప్రారంభమైంది ఆ తర్వాతి నెలలోనే, సెప్టెంబర్ 25న. బ్రిడ్జి లైట్ల ఫోటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. ఆ 9 మంది ఎంతమందికి గుర్తున్నారు?

"వాళ్లకు జీతం ఇచ్చారు కదా, మనం బిల్లు కడుతున్నాం కదా, ఇంకా బాకీ ఏముంది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బుతో లెక్క తీరుతుంది, ఋణం తీరదు. అమ్మ వంటకు సరుకుల డబ్బులు ఇచ్చేస్తే అమ్మ ఋణం తీరిందంటామా? అందుకే మన పెద్దలు గృహస్థుడు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాల్లో మనుష్య యజ్ఞాన్ని కూడా పెట్టారు. సాటి మనిషిని ఆదరించడం కూడా పూజే అన్నమాట.

ఇది తెలిస్తే అందం తగ్గిపోతుందా? సీతమ్మను వెతుకుతున్నాడు కాబట్టి హనుమంతుడికి లంక అందవిహీనంగా కనిపించలేదు. వైభవం ఉన్న ప్రతిచోటా భగవంతుడి అంశ ఉందని గీత విభూతి యోగంలో కృష్ణుడే చెప్పాడు. ఆ అంశ అద్దాల మేడలోనే కాదు, దాన్ని మోసిన చేతుల్లోనూ ఉంది.

కాబట్టి తృప్తిగా చూడండి, ఫోటోలు తీసుకోండి. అలాగే మీ వీధిలో కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర ఆడుకునే కూలీల పిల్లలు బడికి వెళ్తున్నారో లేదో ఈ వారం ఒకసారి కనుక్కోండి. వెళ్లకపోతే దగ్గర్లోని సర్కారు బడి టీచర్‌తో మాట్లాడండి. అది కూడా దీపం పెట్టడమే.

జై జోగులాంబ! జై శ్రీరామ్!