దేవుడు చెప్పెనను మాట

క్రైస్తవ గృహములలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ప్రార్థించితిని, దేవుడు మార్గము చూపెను." ఉద్యోగము మారునప్పుడును, సంబంధము కుదుర్చుకొనునప్పుడును, ఇల్లు కొనునప్పుడును భక్తిగల కుటుంబము మోకరించి దైవసహాయము నర్థించును. ఈ యాచారమును చూచి నవ్వువారు కొందఱు గలరు. నాకు నవ్వు రాదు. తన బుద్ధి చాలదని యొప్పుకొని, ఒక రాత్రియైన నాగి యోచించు మనుష్యుడు, తోచినదే తడవుగా పని నడపువానికంటె మేలు. అయితే ఆ మాటలోని రెండవ భాగమును గూర్చి మాత్రము కొంత విచారింపవలసి యున్నది. "ప్రార్థించితిని" అనునది యనుభవము. దానికి చెప్పువాడే సాక్షి. "దేవుడు చూపెను" అనునది తీర్పు. దీనికి సాక్షి యెవరు?

వాన కావలెనని ప్రార్థించినవాడు వాన కురిసినదో లేదో కన్నులార చూడగలడు. కర్తవ్యమును తెలుపుమని ప్రార్థించినవానికి అట్టి యుపాయము లేదు. ప్రశ్న పుట్టిన మనస్సునందే యుత్తరమును వినబడును. ఆ మనస్సునందు కోరికలు, భయములు, అభిమానములు మునుపే కాపురముండును. వాని కంఠధ్వనికిని దేవుని కంఠధ్వనికిని భేదమెట్లు తెలియును? చిక్కంతయు నిచ్చటనే యున్నది.

సంస్కృతము చదివినవారికి శాకుంతల ప్రథమాంక మిక్కడ జ్ఞప్తికి రాక మానదు. కణ్వాశ్రమమున శకుంతలను చూచిన దుష్యంతునికి ధర్మసందేహము పుట్టినది. ఈమె ఋషికన్య యైనచో క్షత్రియుడైన తాను వరింపవచ్చునా? ఆ సందేహమును రాజు తీర్చుకొన్న రీతి చూడదగినది. తన మనస్సు మంచిది. అది యామెను కోరినది. కావున నామె తనకు తగినదే యై యుండవలెనని యాతడు నిశ్చయించుకొనెను. కథలో నాతని యూహ నిజమే యైనది గాని, యుక్తి సరియైనది కాదు. ధర్మమునకు ప్రమాణములు చెప్పునప్పుడు మనువును ఆత్మప్రియమును పేర్కొనెను. కాని వేదము, స్మృతి, సదాచారము ముగిసిన పిమ్మట నాలుగవదిగా దానికి చోటిచ్చెను. నాలుగవదానిని మొదటికి జరుపుకొనుట రాజులకే కాదు, మనకును సులభమే.

కోరిక నోరు కట్టుటకు కొందఱు చీట్ల నాశ్రయించిరి. మెథడిస్టు సమాజమునకు మూలపురుషుడగు జాన్ వెస్లీ అమెరికాలోని జార్జియా వలసలో నున్న కాలమున సోఫీ హాప్కీ యను కన్యను ప్రేమించెను. వివాహమాడవలెనా మానవలెనా యను సంశయము తెగక, 1737 మార్చిలో మూడు చీట్లు వ్రాయించెను. మొదటిది పెండ్లికి అనుకూలము. రెండవది ఆ సంవత్సరమునకు తలపు మానుమనునది. మూడవది ఎన్నటికిని మానుమనునది. మూడవదే వచ్చినది. కొలది దినములలోనే యామె మఱియొకని పెండ్లాడెను. ఆ యాగస్టులో వెస్లీ యామెకు ప్రభురాత్రి భోజనమును నిరాకరింపగా వ్యాజ్యము పుట్టి, డిసెంబరులో నాత డా వలసను విడిచిపోవలసి వచ్చెను. చీటీ యాతని కోరికను నిజముగా శాంతింపజేసినదా యని యెవరికైనను సందేహము కలుగును. అదియునుగాక, ఆ మూడు చీట్లలో దేనియందును ఆ పిల్ల యిష్టమునకు చోటు లేదు. దేవుని యెదుట చీట్లు వేసి పిల్లల పెండ్లిండ్లు నిశ్చయించు మనవారును ఈ సంగతి గమనింపవలసినదే.

ఇంతకంటె వివేకవంతమైన మార్గమును జార్జి ముల్లరు అనుసరించెను. ఈయన బ్రిస్టలు పట్టణమున 1836లో అనాథశరణాలయము స్థాపించి, 1898లో మరణించువఱకు దాని భారము వహించెను. ఈయన బావమఱదియగు గ్రోవ్స్ ప్రేరణముననే 1836లో బౌడెన్, బీర్ దంపతులు మన దేశమునకు వచ్చి, నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల క్రైస్తవమతమును బోధించిరి. ముల్లరు చెప్పిన పద్ధతిలో మొదటి మెట్టు, ఆ విషయమున తనకు సొంత యిష్టమే లేకుండ మనస్సును సిద్ధపఱచుకొనుట. అటుపిమ్మటనే వేదవాక్యము, పరిస్థితులు, ప్రార్థన, విమర్శ. కేవలము హృదయావేశమును నమ్మరాదని యాయన స్పష్టముగా హెచ్చరించెను. గెత్సేమనే తోటలో క్రీస్తు చేసిన ప్రార్థనకు ఈ పద్ధతి సన్నిహితమైనది. అచ్చట క్రీస్తు తన కోరికను దాచలేదు; చెప్పి, పిదప దానిని విడిచిపెట్టెను.

కాని నా మనస్సులో నిష్టము మిగులలేదని నాకెట్లు తెలియును? ఇష్టము పరోపకారవేషము ధరించి వచ్చినచో గుర్తుపట్టుట మఱింత కష్టము. ఇందుకు జార్జి వైట్‌ఫీల్డు చరిత్రమే నిదర్శనము. పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లభాషలో నంతటి ప్రబోధకుడు లేడు. 1740లో నాతడు జార్జియాలో బెథెస్డా యను అనాథాశ్రమమును స్థాపించెను. బానిసలను హింసించు యజమానులను మందలించుచు ఆ సంవత్సరముననే లేఖ ప్రకటించెను. కాని జార్జియాలో నప్పుడు బానిసత్వము నిషిద్ధము. ఆశ్రమమునకు కూలి ఖర్చు హెచ్చు. అనాథబాలురకు తిండి పెట్టవలెను. క్రమక్రమముగా నా నిషేధమును తొలగింపవలెనని కోరువారిలో నాతడు ముఖ్యుడయ్యెను. 1751లో నిషేధము తొలగినప్పుడు సంతోషించి, వేడి దేశములు నీగ్రోలు లేక సాగుకావని వ్రాసెను. 1770లో చనిపోవునప్పుడు ఆశ్రమముతోబాటు బానిసలను సైతము మరణశాసనమున నొక ప్రభ్విణికి వ్రాసియిచ్చెను. ఆతడు ప్రార్థించలేదని యెవరనగలరు? కపటి యని నేననను. ప్రార్థించి లేచినప్పుడు ఆశ్రమపు జమాఖర్చులు చెప్పిన యుత్తరమే దేవుని యుత్తరముగా నాతనికి వినబడెనని మాత్ర మనుకొందును.

ఆ కాలముననే, ఆ ఖండముననే, న్యూజెర్సీలో జాన్ వుల్మన్ అను క్వేకరుండెను. యౌవనమున నొక దుకాణములో గుమాస్తాగా నుండగా, యజమాని యొక నీగ్రో స్త్రీని అమ్మి, విక్రయపత్రము వ్రాయుమనెను. కొన్నవాడును క్వేకరే, వృద్ధుడు. వుల్మన్ వ్రాసెను, కాని బానిసలను ఉంచుకొనుట క్రైస్తవధర్మమునకు విరుద్ధమని తన నమ్మకమును ఇద్దఱి యెదుటనే చెప్పెను. తరువాత నింకొకడు కోరగా నట్టి పత్రము వ్రాయుటకు నిరాకరించెను. బానిసలను వారసులకు పంచిపెట్టు మరణశాసనములను వ్రాయుటయు మానెను. తన సొంత యంగడి వృద్ధియగుచుండగా, అది మనస్సును క్రమ్మివేయుచున్నదని తలచి 1756లో వ్యాపారము విడిచి, దర్జీపనితోను ఆపిలు మొక్కల పెంపకముతోను జీవించెను. 1757లో దక్షిణ వలసలలో సంచరించినప్పుడు, ఆతిథ్యమిచ్చిన యింటివారి బానిసలకు తనకు చేసిన సేవకై వెండి నాణెములిచ్చి మఱి కదలెడివాడు.

ఈయనకు కలిగిన ప్రేరణములు దాదాపన్నియు తన సౌకర్యమునకు వ్యతిరేకములు. పరుల కష్టమునకు అనుకూలములు. వైట్‌ఫీల్డునకు వచ్చిన యుత్తరమున కర్చు బానిసలు పెట్టిరి. వుల్మనునకు వచ్చిన దానికి తానే పెట్టుకొనెను. ప్రేరణము నిజమైనదా కాదా యని తూచుటకు నాకు దొరికిన రాళ్లలో నిది యొకటి. అయితే ఇదియొక్కటే చాలదు. అద్దకపు రంగుల బట్టలు మానిన కాలమున వుల్మన్ రంగులేని బొచ్చుటోపీ ధరింపగా, అప్పుడు తెల్లటోపీ ఫాషనైయుండుటచే, ఈయన వేషమును కృత్రిమమని శంకించినవారు గలరు. త్యాగమునందును డంబముండవచ్చును గదా! మఱియు, కుటుంబి తన రాబడిని తగ్గించుకొనునప్పుడు భార్యాబిడ్డలును కర్చులో పాలు పంచుకొందురు.

ఈ కారణముచేతనే క్వేకరులు ఏకాంతప్రేరణమును ఏకాంతమున విడువలేదు. దూరప్రయాణముచేసి ప్రబోధింపవలెనని యొకనికి తోచినచో, దానిని తన సమాజసభ యెదుట పెట్టవలెను. వారు మౌనముగా యోచించి, సమ్మతించినచో పత్రమిత్తురు. వుల్మను తన ప్రయాణముల కట్టి పత్రములు పుచ్చుకొనియే బయలుదేరెడివాడు. సభలో వోట్లు లెక్కించుట లేదు. అందఱ మనస్సులు నొకచోటికి వచ్చువఱకు వేచియుండవలెను. ఇది మిక్కిలి మందగతి గల పద్ధతి. 1758లో ఫిలడెల్ఫియా వార్షికసభ, బానిసలను అమ్ముటకును కొనుటకును పూనుకొన్నవారిని సభావ్యవహారములనుండి దూరముంచుటకు నిశ్చయించెను; యజమానుల యిండ్లకు పోయి నచ్చజెప్పువారిలో వుల్మన్ ఒకడు. బానిసలను విడువనివారికి సమాజమున చోటు లేదని తీర్మానించుటకు 1776 వఱకు పట్టినది. అంతకు నాలుగేండ్లక్రితమే, 1772లో, వుల్మన్ ఇంగ్లండులోని యార్కు పట్టణమున మశూచిచే చనిపోయెను. ఈ యాలస్యమువలన నెందఱో బానిసత్వముననే మరణించిరి గదా యని యెవరైన నన్నచో నావద్ద సమాధానము లేదు. కాని వైట్‌ఫీల్డు నడిగినవారు లేరు. వుల్మనును అడుగుటకొక సభ యుండెను.

ఇప్పుడు మన యిండ్లకు వత్తము. కూతురు పై చదువునకు దూరపట్టణమునకు పోవలెనని కోరినది. తండ్రి నాలుగు దినములు ప్రార్థించి, "దేవుని చిత్తము లేదు" అని చెప్పెను. ఆయన చెప్పినది, "నాకు భయముగా నున్నది" అనియో, "సొమ్ము చాలదు" అనియో యైనచో, ఆ పిల్ల బదులు చెప్పగలదు. భయము పోగొట్టవచ్చును, విద్యార్థివేతనము వెదకవచ్చును. దేవుని పేరు వచ్చిన పిమ్మట నామె యేమి చెప్పినను దైవధిక్కారమగును. తల్లియు నోరెత్తదు. ఆ తండ్రి యబద్ధమాడెనని నేననను. నిజముగానే యట్లు తోచియుండును. హిందూగృహములలో జాతకము, శకునము, గురువాజ్ఞ యను పేర్లతో నడుచునది యిదియే గనుక, ఈ మాట క్రైస్తవుల నొక్కరినే యుద్దేశించినది కాదు.

ఆ యింట సాయంకాలప్రార్థనకు అందఱును కూర్చుందురు. ఆ పిల్లయు మోకరించును. ఆమెయు నా నాలుగు దినములు దేవుని అడిగియే యుండును. ఆమెకేమి వినబడినదో తండ్రి యడిగెనా?