యుద్ధగాయము - గృహధర్మము

యుద్ధరంగమున మనస్సు చెదరి తిరిగివచ్చిన భర్త భార్యను కొట్టినచో, ఆ దోషము అతనిదా, అతని వ్యాధిదా? 1975లో ముగిసిన వియత్నాం యుద్ధము అమెరికా దేశపు గృహములలో ఈ ప్రశ్నను నిలిపినది. నిద్రలో ఉలికిపడి లేచుట, చిన్న చప్పుడునకే శత్రువు వచ్చెనని భ్రమించుట, ఆత్మీయులకు దూరమగుట, అకారణముగా కోపించుట మున్నగు లక్షణములను అచటి మనోవైద్యుల సంఘము 1980లో ఒక వ్యాధిగా గుర్తించినది. అంతకుముందు దానిని పిరికితనమని ఈసడించినవారును కలరు.

1992లో వెలువడిన ఒక పరిశోధనమున, ఈ వ్యాధిగల వియత్నాం సైనికులలో సుమారు మూడింట ఒకవంతు మంది అంతకుముందటి సంవత్సరమున భార్యపై లేక సహచరిపై చేయిచేసుకొనిరని తేలినది. వ్యాధి లేనివారిలో అట్టివారు ఆ పాలులో సగమైనను లేరు. కావున వ్యాధికిని హింసకును సంబంధము లేదనరాదు. అయినను తక్కిన రెండువంతులవారు అదే బాధ ననుభవించియు చేయెత్తలేదు గదా! వ్యాధి కోపమును పెంచునే కాని, కొట్టక తప్పని స్థితిని కల్పింపదు.

"పాపము, దేశము కొఱకు పోరాడినవాడు, నీవే ఓర్చుకొనుము" అని ఇల్లాలికి చెప్పుట పైకి దయవలె కనిపించును. కాని ఆ దయకు మూల్యము చెల్లించునది ఆమె శరీరము. బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగా బోధించినపుడు సకలప్రాణులను చేర్చెను. ఆ ప్రాణులలో భార్య లేదా? మన సంప్రదాయమున స్త్రీకిని ఇష్టలింగధారణ కలదు. లింగమును ధరించిన దేహముపై దెబ్బ వేయుటను ఏ ఆచారము అంగీకరించును? పంచాచారములలో గణాచారమును శివనింద నెదిరించుటకే పరిమితము చేయువారు కలరు. నాకది సమ్మతము కాదు. శరణి యొకతె దెబ్బలు తినుచుండగా గణము మౌనము వహించుట గణాచారమెట్లగును?

రోగికి చేయవలసినది చికిత్స. అమెరికా మాజీ సైనికుల వైద్యశాలలలో ఇట్టివారిని కొందరిగా కూర్చి, కోపము పొంగు క్షణమును ముందే గుర్తించి అచటినుండి తొలగిపోవుట నేర్పుచున్నారు. దానివలన హింస తగ్గినదని 2016లో ప్రకటితమైన పరీక్షలో వెల్లడియైనది. అతడది నేర్చుకొనువరకు ఆమె ఎక్కడ నుండవలెను? మన దేశమున 2005 నాటి గృహహింస నిరోధక చట్టము జవాను భార్యకును రక్షణను, నివాసపు హక్కును ఇచ్చుచున్నది. కాని న్యాయస్థానము తెరచుటకు తెల్లవారవలెను. మన మఠములలో దాసోహపు పంక్తికి కొదువ లేదు. అర్ధరాత్రి బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన ఇల్లాలికి ఒక గదియు, తలుపు తీయుటకు ఒక పెద్ద ముత్తైదువయు కలరా యను విషయమును మఠాధిపతులు విచారింపవలసి యున్నది.