నంద మణికారుని తోట

వేసవిలో పావగడ తాలూకాలో బండలు కాగి, చెరువులు నెఱ్ఱెలు విచ్చిన వేళ బాటసారికి చెట్టునీడను మించిన సత్రము లేదు. ఊరుమ్మడి తోట పాడుపడెనా, ముసలివారు కూర్చుండు చోటు పోవును, పిల్లలాడుకొను చోటు పోవును, పక్షులకు గుక్కెడు నీరు కరవగును. అట్టి తోటను బాగుచేయ బూనుకొను శ్రావకులు ముందుగా జ్ఞాతాధర్మకథలోని నంద మణికారుని తలచుకొనవలెను.

నందుడు రాజగృహ నగరపు వర్తకుడు. మహావీరస్వామి వద్ద శ్రావకవ్రతములు గైకొన్నవాడు. కాలక్రమమున సాధుసాంగత్యము తప్పినది. జ్యేష్ఠమాసమున పౌషధశాలలో మూడు దినముల ఉపవాసముండగా దాహము బాధించెను. ఊరికి పుష్కరిణి త్రవ్వించువారు ఎంత ధన్యులో గదా యని తలచి, శ్రేణిక మహారాజు సెలవు పొంది త్రవ్వించెను. నాలుగు దిక్కుల నాలుగు తోటలు వేయించెను. తూర్పున చిత్రశాల, దక్షిణమున వంటశాల, పడమట వైద్యశాల, ఉత్తరమున క్షౌరాదులకు అలంకారశాల. జనులు నీరు త్రాగి, నీడన కూర్చుండి నందుని పొగడుచుండిరి. ఆ పొగడ్తయే అతనికి ఆహారమైనది. రోగములు పైబడి మరణించునపుడు మనస్సు ఆ పుష్కరిణిమీదనే చిక్కుకొనగా, అందులోనే కప్పయై పుట్టెను.

అయితే తోట వేయుట తప్పా? కానే కాదు. ఆ గట్టున జనులు నందుని పేరు తలచగా విని కప్పకు జాతిస్మరణము కలిగినది. వ్రతములు మరల పట్టి, స్వామి దర్శనమునకు పోవుచు, గుఱ్ఱపు డెక్క క్రింద నలిగియు శుభధ్యానముతో దేవగతి పొందెను. చిక్కంతయు "నాది" యను మాటలో నున్నది.

మన సీమలోనే మరియొక తోట కలదు. నిడుగల్లు కొండపై 1232లో గంగేయన మారెయ పార్శ్వజిన బసదిని కట్టించెను. ఆ కొండకు దాపునగల అమరాపురపు శాసనము 1278 నాటిది. ఇరుంగోళుని ఏలుబడిలో మల్లిసెట్టి యను వర్తకుడు తైలంగెరె బ్రహ్మజినాలయమునకు 2000 పోకచెట్లను దానమిచ్చెను. వాని రాబడిని బాలేందు మలధారి చేతికప్పగించి, ఆలయమును పునాది మొదలు శిఖరము వరకు రాతితో కట్టవలెనని ఏర్పాటు. దాత వర్తకుడు గనుక పద్దు తెలిసినవాడు: ఫలానా రాబడి, ఫలానా చేయి, ఫలానా పని. సరుకు కొన్ననాడే తరుగు లెక్కవేయు మనవారు తోట వేయునాడు తరుగు మరచెదరు. ప్రారంభోత్సవమునకు చందా వచ్చును. నీరు పోయువాని జీతమునకు రాదు. తోటలు పాడగుట అక్కడినుండియే.

ఇక పని తీరు. శ్రావకులకు నిషిద్ధమైన 15 కర్మాదానములలో అడవికి నిప్పు పెట్టుట, చెరువులెండగట్టుట చేరియున్నవి. కావున ముళ్లకంపను తగులబెట్టరాదు; చేతితో కోయించి, పురుగు పుట్రకు తప్పించుకొను సందీయవలెను. రాలిన ఆకును గుంతలోవేసి ఎరువు చేయవచ్చును. త్రవ్వుటలోను హింస కలదు, గృహస్థునకది పూర్తిగా తప్పదు. వానలలో జీవరాశి పెరుగును గనుక గుంతలు వేసవిలోనే త్రవ్వించి, తొలకరికి వేప, కానుగ, చింత మొక్కలు నాటించుట మేలు. ఈ మెట్టనేలకు అవి ఓర్చుకొనును.

బావి నీరు గుడ్డతో వడగట్టిన పిమ్మట గుడ్డలోని జీవులను మరల అదే బావిలో నెమ్మదిగా దింపవలెను. పూడిక తీయు దినమున కప్పలను తడి గోనెలో పట్టి ప్రక్క నీటికి చేర్చవలెను. వానిలో ఏ వర్తకుడున్నాడో ఎవరికెరుక!