చుక్క పెట్టే చేయి ఎవరిది?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గిరిజనులం నాలుగు శాతం లోపే. శాతాన్ని బట్టి రంగు వేసే ఆన్‌లైన్ పటాల్లో మన జిల్లా పాలిపోయి కనిపిస్తుంది. యానాది కాలనీలు, ఎరుకల వాడలు, సుగాలి తండాలు ఆ లేత రంగులో కలిసిపోతాయి. కనబడని ఊరికి బోరు ఎవరు వేయిస్తారు?

అలాగని అన్నీ పటానికెక్కిద్దామా? మనల్ని లెక్క రాసుకోవడం కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల తాతల పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. 1952లో చట్టం పోయింది, అనుమానం పోలేదు.

మొక్కల, పక్షుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో, అంతరించే ప్రమాదమున్న జాతులు కచ్చితంగా ఎక్కడున్నాయో చూపకుండా దాస్తారు. చెట్టుకిచ్చే ఆ మర్యాద మనిషికి వద్దా?

అందుకే గూగుల్ మై మ్యాప్స్‌లో చుక్కలు మన పిల్లలే పెట్టాలి. నీళ్లు లేని చోటు, బడికి ఉన్న దూరం చూపుదాం. ఇంటివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, మూలికలు దొరికే గుట్టలు చూపొద్దు. ముందుగా ఊళ్లో ఆడా మగా అందరినీ కూర్చోబెట్టి అడుగుదాం. వాళ్లు వద్దంటే ఆ చుక్క తీసేద్దాం.