టీవీలోకి రేడియో తెచ్చే ముందు

నాయనా, కారంచేడులో కూర్చుని ఇంటర్నెట్ రేడియో నడపాలని ఉబలాటపడుతున్నావు, సంతోషం. ఫోన్లో వినేవాళ్లు చాలరు, ఫైర్ టీవీ స్టిక్కుల్లో, ఆండ్రాయిడ్ టీవీల్లో, అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఉండే రోకు టీవీ పెట్టెల్లో కూడా రావాలంటున్నావు. రావాల్సిందే. ఫోను ఒకరికి వినిపిస్తుంది, హాల్లో టీవీ ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. అందుకే చెబుతున్నా, కాస్త నిదానించు.

కొమ్మమూరు కాలువ చివరి భూముల రైతుని అడిగి చూడు. కాలువ ఎంత దూరం తవ్వారన్నది అతనికి లెక్కలేదు, నీళ్లు వేళకొచ్చాయా లేదా అన్నదే లెక్క. నీ శ్రోతకైనా అంతే. కరెంటు పోయినా, నెట్ తెగినా, సర్వర్లో దాచిన కార్యక్రమం దానంతటదే అందుకునేలా పెట్టుకో. టీవీ పెట్టినవాళ్లు రోజంతా ఆపరు. 64 కిలోబిట్ల స్ట్రీమ్ గంటకు దాదాపు 29 ఎంబీ. వందమంది పదేసి గంటలు వింటే రోజుకు 29 జీబీ. ఆ బిల్లు నెలనెలా కట్టగలవా? ముందే చూసుకో.

వేళ తప్పకు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి నుంచి ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి పురాణ ఉపన్యాసం వస్తుందంటే జనం పనులు సర్దుకుని కూర్చునేవారు. వేళ తప్పని స్టేషన్ కాబట్టే ఆ నమ్మకం. మన పొద్దున ఆరున్నరంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిది. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పగానే ఏడవుతుంది. ఆ తేడా నువ్వు చూసుకోవాలి, పెద్దవాళ్ల చేత లెక్కలు కట్టించకూడదు. యాప్ తెరవగానే మోగాలి. లాగిన్లు, నంబర్లు అడగకు. తెర ఖాళీగా ఉంది కదా అని బొమ్మలు కుక్కకు. కార్యక్రమం పేరు, వేళ పెద్దక్షరాల్లో తెలుగులో ఉంటే చాలు.

నా బెంగంతా సినిమా పాటల గురించే. సినీ నిర్మాత రామానాయుడు గారు పుట్టిన ఊరు మనది, పాట వెనక ఎవరి డబ్బు, ఎవరి కష్టం ఉంటాయో వేరే చెప్పాలా? కాపీరైట్ చట్టంలో సెక్షన్ 31డి కింద రేడియోలకున్న వెసులుబాటు ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు లేదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది, 2022లో డివిజన్ బెంచీ కూడా అదే ఖాయం చేసింది. కాబట్టి పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే ఐపీఆర్ఎస్‌తో, రికార్డు కంపెనీలతో ముందే మాట్లాడుకో. తొందరపడి పెట్టేస్తే, ఒక్క ఫిర్యాదుతో యాప్ స్టోరులోంచి పోతుంది, కూడగట్టుకున్న శ్రోతలంతా ఒక్కరోజులో పోతారు.

అయినా పాటలకు కరువేముంది? ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో రేడియో కూడా వస్తోంది. నీ దగ్గర మాత్రమే దొరికేది మన ఊరి మాట. మిరపచేను సంగతి, చీరాల మగ్గం సంగతి మనవాళ్ల నోట వినిపించు. ఒక్కటి గుర్తుంచుకో. 1985 జూలై 17న దళితుల ఊచకోత జరిగింది ఈ ఊళ్లోనే. ఆనాడు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన దళిత కుటుంబాల మాట వినిపించకుండా మన ఊరి రేడియో అని పేరు పెట్టుకోకు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు, చెప్పదలచుకున్నది చెప్పమని అడుగు, కత్తిరించకుండా ప్రసారం చెయ్యి. టీవీ యాప్ ఆ తర్వాత పెట్టు నాయనా.