అడగకుండా తీసుకున్న శరీరము



విశ్వాసి తాను మరణించిన తరువాత తన దేహమును వైద్య కళాశాలకు అప్పగించమని కోరవచ్చునా? కోరితే సంఘము ఆ కోరికను గౌరవించాలా, లేక మట్టిలో పెట్టి ప్రార్థన చేయడమే మన పద్ధతి అని కుటుంబమునకు చెప్పాలా? ఈ ప్రశ్న మన సంఘములలో నెమ్మదిగా వినబడుతున్నది. ఊరుగాని ఊరిలో సమాధుల తోటకు జాగా కొరకు మన పెద్దలు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో ఎరిగినవారికి ఇది చిన్న ప్రశ్న కాదు.

మనకు తెలిసిన చోటినుండే మొదలు పెడదాము. డాక్టర్ పాల్ బ్రాండ్ గారు 1914లో కొల్లి కొండలలో బాప్టిస్టు మిషనెరీ దంపతులకు పుట్టినవారు. 1946లో రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. ఆ రోజులలో కుష్ఠు వ్యాధి వేళ్ళను తినివేస్తుందని, వంకరపోయిన చేతికి చేయగలిగినది ఏమీ లేదని అందరూ అనుకొనేవారు. చెంగల్పట్టు ఆశ్రమములో ఒక రోగి మరణించినప్పుడు ఆయన, ఆయన తోటివారు ఆ శరీరమును కోసి నరములను ఆ చివరినుండి ఈ చివరిదాకా పరీక్షించారు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర, మోకాలి దగ్గర, అనగా నరము చర్మమునకు దగ్గరగా వచ్చి చల్లబడే చోట్ల మాత్రమే అది ఉబ్బి చెడిపోయి ఉన్నది. కండ లోపల లోతుగా పోయిన చోట బాగానే ఉన్నది.

దీనివలన ఏమి తెలిసినది? అరచేతిలోని చిన్న కండరములు చచ్చుబడినా ముంచేతిలోని పెద్ద కండరములలో చాలా వరకు బలముగానే ఉంటాయి. అట్టి ఒక మంచి కండరము యొక్క టెండన్‌ను, అంటే కండను ఎముకకు కట్టే త్రాటిని, దారి మళ్ళించి వేళ్ళకు కుడితే పిడికిలిగా ముడుచుకొన్న చెయ్యి మరల తెరచుకొంటుంది. (వాడుకలో మనము టెండన్‌నూ నరమే అంటాము. యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకలమీదికి వచ్చిన నరములు ఈ త్రాళ్ళే అని మా అభిప్రాయము.)

అయితే ఏ కండరమును ఎక్కడికి మార్చాలి? కండరము ఎంత లావుగా ఉంటే అంత బలముగా లాగుతుంది. దాని పీచు ఎంత పొడవుగా ఉంటే అంత దూరము లాగుతుంది. ఈ రెండు లెక్కలు సరిపడకపోతే కుట్టిన వేలు వంగదు, లేదా కీలు బిగుసుకొంటుంది. బ్రాండ్ గారు 1966లో అమెరికా వెళ్ళిన తరువాత, ముంచేతిలోను చేతిలోను ఉన్న కండరములను ఒక్కొక్కటిగా కొలిచి, ఆ కొలతలను 1981లో తోటివారితో కలిసి ప్రచురించారు. పీచును విడదీసి కొలిచే ఇట్టి పని బ్రతికి ఉన్నవాని చేతిమీద జరిగేది కాదు. అది మరణించినవారి చేతులనుండి రావలసినదే.

బ్రాండ్ గారి పేరు మనకు తెలుసు. చెంగల్పట్టు రోగి పేరు మన నాలుకమీద లేదు. మా ప్రశ్న ఇక్కడే ఉన్నది.

శవమును కోసి నేర్చుకోవడము పాపమని మేము అనము. ఆదికాండము 50లో యోసేపు తన తండ్రి దేహమును ఐగుప్తు వైద్యుల చేతికి ఇచ్చాడు. వారు నలువది దినములు పని చేశారు. తరువాతనే మక్పేలా గుహకు ప్రయాణము. పునరుత్థానము సంగతి అడిగేవారికి 1528లో వియన్నాలో సజీవ దహనము చేయబడిన బాల్తసార్ హుబ్‌మాయర్‌ను జ్ఞాపకము చేస్తాము. విశ్వసించినవారికే బాప్తిస్మము అని బోధించినవాడు ఆయన. బూడిదైన ఆ దేహమును ప్రభువు లేపగలిగితే, వైద్య విద్యార్థుల బల్లమీద ఉన్నదానిని లేపలేడా? కొరింథు సంఘమునకు పౌలు విత్తనము పోలిక చెప్పినదీ ఇట్టి సందేహమునకే గదా.

కష్టము వేరే చోట ఉన్నది. 1832లో ఇంగ్లండులో చేసిన చట్టము, పేదల ఆశ్రమములలో చనిపోయి ఎవరూ అడగని శవములను కోతకు ఇవ్వవచ్చునన్నది. మన దేశములో 1949 నాటి బొంబాయి అనాటమీ చట్టము, 1957 నాటి కర్ణాటక చట్టము కూడ అడిగేవారు లేని శవముల మాటే చెబుతాయి. అడిగేవారు లేనివాడు ఎవడు? పని వెదకుకొంటూ వచ్చి రైలు స్టేషనులో పడిపోయినవాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో భాష తెలియక తన ఊరి పేరు చెప్పలేకపోయినవాడు. మన తాతలలో కొందరు అట్లే వచ్చారు. వైద్యము అందరికీ అందుతుంది, దాని వెల మాత్రము తనను అడగనైనా అడగని పేదవాని దేహము చెల్లిస్తుంది. ఇది న్యాయమని మాకు తోచదు.

అరిమతయియ యోసేపు చేసినది ఈ వెలుగులో చూడండి. సిలువమీద చనిపోయినవాని శవమును అడగడము అపాయకరమైన పని. శిష్యులు దూరముగా ఉన్నారు. ఆయన అధిపతి దగ్గరకు పోయి అడిగాడు, కనుక మన ప్రభువు దేహము అడిగేవారు లేని శవము కాలేదు.

కాబట్టి మా ఆలోచన రెండు వైపులా పోతుంది. మన పట్టణములో తెలుగువాడు ఎవడైనా ఒంటరిగా చనిపోయినాడని తెలిస్తే, అతడు ఏ సంఘమువాడో విచారించకుండా, సంఘ పెద్దలు ఆసుపత్రికి పోయి బంధువులను వెదకించాలి, దొరకకపోతే అడగాలి. మరియొక వైపు, ఆసుపత్రులలో మేలు పొందిన మనలో ఇష్టమున్నవారు తమ దేహమును తామే ఇవ్వాలి. ఇష్టము లేనివారిని ఒత్తిడి చేయరాదు. వారి విశ్వాసము తక్కువది కాదు. బలవంతపు దానము, అడగకుండా తీసుకొనడము, మాకు ఒకటే.

ఇవ్వదలచినవారు పత్రము వ్రాసి బీరువాలో పెడితే చాలదు. మరణించిన తరువాత దేహమును అప్పగించవలసినది కుటుంబమే, కనుక భార్యాపిల్లలతో ముందే మాట్లాడాలి. ప్రమాదములో మరణించి పోస్టుమార్టము జరిగిన దేహమును, కొన్ని అంటువ్యాధులతో మరణించినవారి దేహమును కళాశాలలు సాధారణముగా తీసుకొనవు; మొదటి దానిలో కన్నులైనా ఇవ్వడానికి అవకాశమున్నది. దేహము తిరిగి రాదు గనుక ఆరాధన ముందే, బండి రాకముందే, మందిరములో జరిపించుకోవచ్చును. పాస్టరు గారికి ఆ సంగతి ఒక రోజు ముందుగా చెప్పే వీలుండదు, కనుక ఆ క్రమము ఎట్లుండాలో సంఘ కమిటీ ఇప్పుడే కూర్చొని వ్రాసి పెట్టుకోవడము మంచిది.