కొసరు పిచ్చుక



మాసూళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన దినములలో మన పల్లెలయందు ఒక మంచి వాడుక కలదు. కొత్త వరికంకులను కుచ్చుగా అల్లి చూరుకు వ్రేలాడదీయుదుము. మంచు కురియు ఉదయములలో పిచ్చుకలు వచ్చి గింజలు ఒలుచుకొని తినును. ఇప్పుడు పెంకుటిండ్లు పోయి డాబాలు వచ్చినవి; చూరును లేదు, గూటికి సందును లేదు. అయినను కొన్ని ఇండ్లలో కుచ్చు ఇంకను వ్రేలాడుచునే యున్నది.

బీదవానికి నూకలు లేనప్పుడు పిట్టకు వడ్లు ఏల అని మనలో కొందరు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. నిర్గమకాండము 23:11 చూడుడి. ఏడవ యేట బీడు విడిచిన పొలములో మొదట బీదలు తినవలెను, వారు మిగిల్చినది అడవి జంతువులు తినవలెను. బీదవాడే ముందు, కాని వరుస అతనితో ఆగిపోలేదు. ఒక కుచ్చులోని గింజలెన్ని? బీదవానిని చూపి పిట్టకు ఎగవేయువాడును, మరియొక సాకు చూపి బీదవానికి ఎగవేయువాడును తరచుగా ఒక్కడే.

పిచ్చుక సంగతి సులభమే. కొల్లేటి పక్షుల సంగతి కష్టము.

ఉత్తర దేశములలో చెరువులు గడ్డకట్టునప్పుడు సూదితోక బాతులు మొదలైనవి వేల మైళ్లు ఎగిరి మన నీళ్లకు వచ్చును. గూడబాతులు ఈ ప్రాంతమందే గూళ్లు పెట్టును. 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు మన ఆరేడు గ్రామమందు వాటి గూళ్లను కనుగొని లోకమునకు తెలిపెను. తరువాత అవి అక్కడ లేకపోయినవి. నేడు కైకలూరు దగ్గర ఆటపాకలో, నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద గూళ్లు కట్టుకొనుచున్నవి.

కొల్లేరు 1999లో అభయారణ్యమాయెను. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టివేయబడెను. చెరువు పోయి అప్పు మిగిలినవాడు, గూడబాతు చేపను మ్రింగుట చూచి మండిపడినయెడల మనము అతనిని తీర్పు తీర్చరాదు. కేకవేసి తోలుకొనవచ్చును, వల కప్పుకొనవచ్చును. అయితే రాత్రివేళ ఉచ్చులు పన్ని బాతులను పట్టి అమ్ముట వేరు. 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని నేరమనుచున్నది. చట్టమునకు ఎంతో ముందే ద్వితీయోపదేశకాండము 22:6, 7 ఒక హద్దు పెట్టెను: గూటిలోని పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. తినవద్దని కాదు, చేతికందినదంతయు మనది కాదని. చలికి తాళలేక మన యొద్దకు వచ్చిన పక్షి మరుసటి యేటి గూటికి తల్లి కాదా?

మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. లెక్క చూడుడి, నాలుగే రావలెను. అయిదవది కొసరు! మన సంతలో వంకాయలమీద వేసినట్లు వేసినది. వెలయే లేని ఆ కొసరు పిచ్చుకను సహితము దేవుడు మరువడని ప్రభువు చెప్పెను.

పట్టువాడు తరచుగా లేనివాడు, కొనువాడు ఉన్నవాడు. ఉచ్చు పన్నిన చేతిని గూర్చి మనము చాల మాటలాడుదుము. కాని క్రిస్మసు విందులలో బాతుకూర వడ్డించిరి. రుచిగా నున్నదని మనము రెండవసారి వేయించుకొంటిమి. ఎక్కడిదని ఎవరమును అడుగలేదు.